మందుచీటీ వ్రాసిన నాడే అడుగవలసిన మాట

మన పెద్దలు రాచపుండు అని పిలిచిన వ్యాధికి కాన్సరు అను పేరు నేడు ఇంటింటను తెలిసినదే. దాని చికిత్సలో వచ్చిన ఒక మార్పు మాత్రము అంతగా తెలియదు. పూర్వము ఈ మందును చాలవరకు ఆసుపత్రిలోనే నరములోనికి ఎక్కించెడివారు. ఇప్పుడు పెక్కు మందులు బిళ్లల రూపమున వచ్చుచున్నవి. రోగి ఇంటనే ఉండి మంచినీళ్లతో మ్రింగవచ్చును. ఇది గొప్ప సౌకర్యమే. కాని ఆరోగ్య బీమాలు ఆసుపత్రి మంచమును దృష్టిలో ఉంచుకొని పుట్టినవి. మంచము ఎక్కనిదే సహాయము రాదని తలచి, గృహస్థులు సొంత డబ్బుతోనే మందు కొనుచుందురు.

ఆపైన జరుగునది ఊహింపవచ్చును. రెండు మూడు నెలలు నగలు కుదువపెట్టి కొందురు. నాలుగవ నెలలో దినమునకొక బిళ్ల రెండు దినములకొకటి యగును. క్రానిక్ మైలాయిడ్ ల్యూకీమియా అను రక్తపు కాన్సరునకు ఇచ్చు ఇమాటినిబ్ సంవత్సరముల తరబడి ప్రతిదినము తీసికొనవలసిన మందు. వైద్యుడు చెప్పకయే మానినచో అణగియున్న వ్యాధి తిరిగి తలయెత్తగలదు. కనుక డబ్బు సంగతి వైద్యునికి చెప్పుటకు సంకోచింపరాదు. అదియు వైద్యములోని భాగమే.

మొదట ధరను గురించి అడుగవలెను. కాలేయ, మూత్రపిండముల కాన్సరులలో వాడు సొరాఫెనిబ్‌ను బాయర్ కంపెనీ నెలకు 2,80,428 రూపాయలకు అమ్ముచుండెను. 2012 మార్చి 9న పేటెంట్ల కంట్రోలరు ఆ మందును తయారుచేయుటకు హైదరాబాదులోని నాట్కో కంపెనీకి నిర్బంధ లైసెన్సు ఇచ్చి, నెల మందు ధర 8,880 రూపాయలు మించరాదని నిర్ణయించెను. ఇమాటినిబ్ యొక్క ఒక రూపమునకు కోరిన పేటెంటును 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు నిరాకరించెను. దానితో దేశీయ కంపెనీల చవక మందునకు అడ్డు తొలగెను. ఒకే మందునకు రెండు పేర్లు, రెండు ధరలు ఉండవచ్చునని దీనివలన తెలియుచున్నది. "ఇదే మందు తక్కువ ధరకు వేరొక పేరుతో కలదా?" అని వైద్యుని అడుగుడు. జన ఔషధి, అమృత్ దుకాణములలో కూడ విచారింపుడు.

రెండవది ప్రభుత్వ పథకము. 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ నేడు తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీగను, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్.టి.ఆర్. వైద్య సేవగను సాగుచున్నది. ఇందులో సాధారణముగా ముందు అనుమతి పొందవలెను. కొన్న తరువాత డబ్బు అడుగు పద్ధతి కాదు. అందుచేత తొలి బిళ్ల కొనుటకు ముందే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రకు చీటీ చూపి, ఆ మందు జాబితాలో ఉన్నదో లేదో తెలిసికొనవలెను.

మూడవది సొంత బీమా. నోటిద్వారా ఇచ్చు కెమోథెరపీని ఆరోగ్య బీమాలనుండి మినహాయింపరాదని బీమా నియంత్రణ సంస్థ 2019లో నిబంధన చేసినది. అయినను కంపెనీలు దానికి ఒక హద్దు పెట్టవచ్చును. ఆ హద్దు ఎంతయో పాలసీలో చూచుకొనవలెను. కంపెనీ కాదన్నచో నోటిమాటతో తిరిగి రాక, కారణము వ్రాయించుకొనవలెను. మొదట కంపెనీకే ఫిర్యాదు వ్రాయవలెను. అది నిరాకరించినను, ముప్పది దినములలో జవాబు ఈయకున్నను, హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు ఒక సంవత్సరములోపల విన్నవించుకొనవచ్చును. దానికి రుసుము లేదు, వకీలు అక్కరలేదు.

ఇవేవియు చాలనప్పుడు ముఖ్యమంత్రి సహాయనిధికి దరఖాస్తు చేయవచ్చును. కొన్ని మందుల కంపెనీలు కూడ పేదరోగులకు తగ్గింపు ఇచ్చుచుండును. అది వైద్యుని ద్వారా అడుగవలసినది.

ఈ తలుపులు అన్నియు కాగితములనే అడుగును. కావున ఒక సంచిలో వ్యాధినిర్ధారణ పత్రము, మందుచీటీ, అసలు బిల్లులు, కంపెనీవారి ఉత్తరములు తేదీల వరుసను ఉంచుడు. రోగి ఈ తిరుగుడు తిరుగలేడు. కొడుకో కూతురో, లేనిచో చదువుకొన్న పొరుగువారో ఆ సంచి చేతబట్టవలెను. సీసాలో బిళ్లలు ఇంకను మిగిలియుండగనే బయలుదేరవలెను.