ప్యాకేజి పలుకనిచో ఏమి చూడవలెను?

గణాంకశాస్త్రపు లెక్కలకై రూపొందిన కంప్యూటర్ భాషలలో ‘ఆర్’ ప్రసిద్ధమైనది. న్యూజీలాండులోని ఆక్లండ్ విశ్వవిద్యాలయమున రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ దీనికి రూపము నిచ్చిరి. దీని 1.0.0 రూపము 2000 ఫిబ్రవరి 29న వెలువడినది. తరచు చేయు లెక్కలకు ఎవరికి వారు ఆదేశములు వ్రాసికొని, వానిని ఒక ‘ప్యాకేజి’గా కట్టుకొనవచ్చును. అయితే కట్టిన ప్యాకేజి పిలువగనే పలుకకపోవుట క్రొత్తవారికి తరచు కలుగు చిక్కు.

ప్యాకేజి గ్రంథము వంటిది. గ్రంథమును బీరువాలో చేర్చుట వేరు, తీసి బల్లపై తెరచుట వేరు. మొదటిది ‘ఇన్‌స్టాల్’ చేయుట. రెండవది ‘లోడ్’ చేయుట. ‘ఆ పేరుగల ప్యాకేజి లేదు’ అని ఆర్ చెప్పినచో, అది వెదకిన బీరువాలలో ఆ గ్రంథము లేదని అర్థము. ఒక కంప్యూటరులో ఇట్టి బీరువాలు, అనగా ఫోల్డర్లు, ఒకటికి మించి యుండవచ్చును. పేరులోని ఇంగ్లీషు పెద్దక్షరములు, చిన్నక్షరములు తారుమారైనను ఇదే ఫలితము.

రెండవ కారణము ఆధారపడుట. మన ప్యాకేజి మరియొక ప్యాకేజి సహాయమును కోరినప్పుడు అదియు కంప్యూటరులో ఉండవలెను. మూడవది, ప్యాకేజి తెరచుకొన్నను అందలి ఆదేశము దొరకకుండుట. బయటివారు వాడదగిన ఆదేశముల పేర్లు ‘నేమ్‌స్పేస్’ అను ఫైలులో ప్రకటింపబడవలెను. ప్రకటింపనివి లోపలనే యుండిపోవును. నాలుగవది పాతబడుట. 2013లో 3.0.0, 2020లో 4.0.0 రూపములు వచ్చినప్పుడు ప్యాకేజీలనన్నిటిని మరల ఇన్‌స్టాల్ చేయవలసి వచ్చినది.

ఈ నాలుగు తప్పులును నోరు తెరచి చెప్పునవే. నోరు మెదపని తప్పు మరింత ప్రమాదకరము. 2, 4, 4, 4, 5, 5, 7, 9 అను ఎనిమిది మార్కులను తీసికొందము. సగటు 5, విచలనముల వర్గముల మొత్తము 32. దానిని 8తో భాగించి వర్గమూలము తీసిన ప్రామాణిక విచలనము 2. ఈ మార్కులు ఒక పెద్ద సమూహమునుండి తీసిన నమూనా అయినచో 7తో భాగించవలెను. అప్పుడు సుమారు 2.14 వచ్చును. ఒక ఉపాధ్యాయుడు తన ప్యాకేజిలో 8కి బదులు 7 వచ్చునట్లు సవరించెననుకొందము. మరల ఇన్‌స్టాల్ చేయనిచో బీరువాలోనిది పాత ప్రతియే. ఇన్‌స్టాల్ చేసినను, పాత ప్రతి అంతకుముందే తెరచియున్నచో, మరల పిలిచినంత మాత్రమున ఆర్ దానిని మార్చదు. తప్పు చూపదు, 2 అనియే చెప్పును. ఆ ఉపాధ్యాయుడు సవరణ జరిగినదనియే నమ్మును.

కావున సవరించిన పిదప ప్యాకేజిని మరల ఇన్‌స్టాల్ చేసి, ఆర్‌ను మూసి, మరల తెరచి, లోడ్ చేయవలెను. రూపసంఖ్యను ప్రతి సవరణకు పెంచినచో ఏ ప్రతి తెరచుకొన్నదో తెలియును. చివరగా, చేతితో చేసిన చిన్న లెక్క నొకదానిని దానికిచ్చి చూడవలెను. జవాబు ముందే తెలిసిన లెక్కయే యంత్రమునకు తగిన పరీక్ష.