పదము మొదటి మార్పు: స్వాహిలీ, ఐరిష్ భాషలు

తెలుగులో 'పుస్తకము' బహువచనమున 'పుస్తకములు' అగును. మార్పు పదము చివర కలుగును. తూర్పు ఆఫ్రికాలోని స్వాహిలీ భాషలోను, ఐర్లండులోని ఐరిష్ భాషలోను పదము మొదటనే మార్పు కలుగుట కలదు. అంతమాత్రమున ఈ రెండు భాషలు చుట్టములగునా?

స్వాహిలీలో 'మ్‌తోతో' అనగా శిశువు. 'వాతోతో' అనగా శిశువులు. పదము మొదట చేరిన ఉపసర్గ నామముయొక్క వర్గమును, వచనమును తెలుపును. మనకు ఉర్దూ ద్వారా తెలిసిన 'కితాబు' అరబ్బీనుండి స్వాహిలీలోనికి కూడ చేరినది. అందలి 'కి'ని సైతము ఉపసర్గగా నెంచి, ఆ జనులు 'వితాబు' అని బహువచనము కల్పించుకొనిరి!

ఐరిష్ భాషలో 'బాద్' అనగా పడవ. 'అ వాద్' అతని పడవ. 'అ బాద్' ఆమె పడవ. 'అ మాద్' వారి పడవ. మూడింటను 'అ' ఒక్కటే. భేదమును తెలుపునది దాని తరువాతి హల్లు. ఈ మూడు 'అ'లును వరుసగా సంస్కృతమునందలి అస్య, అస్యాః, ఏషామ్ అను రూపములకు దాయాదులు. పూర్వము అచ్చుతో ముగిసిన రూపము తరువాతి హల్లును మెత్తపరచెను. సకారాంతము మార్పు చేయలేదు. అనునాసికాంతము ఆ హల్లును అనునాసికముగా మార్చెను. కాలక్రమమున ఆ చివరి ధ్వనులు రాలిపోయినవి; సంధికార్యము మాత్రము నిలిచినది.

కావున స్వాహిలీలోని మార్పు ఉపసర్గవలన, ఐరిష్‌లోని మార్పు ప్రాచీన సంధివలన కలిగినవి. మొదటిది బాంటూ భాష. రెండవది ఇండో-యూరోపియన్ కుటుంబమునకు చెందినది. పైపోలికను చూచి భాషల చుట్టరికమును నిర్ణయింపరాదు; ఆ పోలిక ఎట్లు కలిగెనో విచారింపవలెను.