శూన్యనాళికా వర్ధకాలలో ట్యూనింగ్ కెపాసిటర్ ఎంపిక: కనిష్ఠ కెపాసిటెన్స్ ప్రాధాన్యం

1. ప్రవేశిక

అమెచ్యూర్ రేడియో ప్రసారాలలో వాడే శూన్యనాళికా వర్ధకంలో నాళికనూ యాంటెన్నానూ అనుసంధానించేది ‘పై’ వలయం. తీగచుట్టకు ఇరువైపులా రెండు వేరియబుల్ కెపాసిటర్లు ఉండటం వల్ల గ్రీకు అక్షరం ‘పై’ ఆకృతి ఏర్పడి, ఆ పేరు వచ్చింది. ఆనోడ్ వైపున ఉండేది ట్యూనింగ్ కెపాసిటర్. యాంటెన్నా వైపున ఉండేది లోడింగ్ కెపాసిటర్. ట్యూనింగ్ కెపాసిటర్‌ను ఎంచుకొనేటప్పుడు సాధారణంగా దృష్టి గరిష్ఠ కెపాసిటెన్స్‌పైనే నిలుస్తుంది. కాని వర్ధకం అన్ని బ్యాండ్లలో సమర్థంగా పనిచేయాలంటే కనిష్ఠ విలువ కూడా అంతే ముఖ్యం. 3-500జెడ్ నాళిక ఆధారంగా ఈ అంశాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. కావలసిన విలువల గణన

ఆనోడ్ వోల్టేజి 2500 వోల్టులు, ఆనోడ్ ప్రవాహం 0.4 ఆంపియర్లు అనుకొంటే, నాళిక గ్రహించే శక్తి 1000 వాట్లు. సామర్థ్యం 60 శాతమైతే వలయానికి 600 వాట్లు చేరతాయి. ఏబీ తరగతి వర్ధకంలో ఆనోడ్ వోల్టేజిని ప్రవాహానికి 1.7 రెట్లతో భాగిస్తే భార నిరోధం ఉజ్జాయింపుగా లభిస్తుంది. ఇక్కడ అది 3,676 ఓమ్‌లు. వలయపు క్యూ గుణకాన్ని 12గా నిర్ణయిస్తే ట్యూనింగ్ కెపాసిటర్ రియాక్టెన్స్ 306 ఓమ్‌లు కావాలి. దీని ప్రకారం 3.5 మెగాహెర్ట్జ్ వద్ద 149, 7 వద్ద 74, 14 వద్ద 37, 28 వద్ద 18.6 పికోఫారడ్‌లు అవసరం. పౌనఃపున్యం రెట్టింపైన ప్రతిసారీ కావలసిన కెపాసిటెన్స్ సగానికి తగ్గుతుంది.

3. కనిష్ఠ విలువ ప్రభావం

ఈ 18.6 పికోఫారడ్‌లు పూర్తిగా ట్యూనింగ్ కెపాసిటర్ వాటా కావు. నాళిక స్వీయ కెపాసిటెన్స్ సుమారు 4 పికోఫారడ్‌లు. తీగలు, లోహపు చట్రం కలిసి మరో 6 చేర్చాయనుకొంటే, మిగిలేది 8.6 మాత్రమే. పలకల మధ్య ఎక్కువ ఖాళీ ఉండే 250 పికోఫారడ్‌ల గాలి కెపాసిటర్‌లో పలకలను పూర్తిగా వెలుపలికి తిప్పినా 20 దాకా మిగలవచ్చు. అప్పుడు మొత్తం 30 అవుతుంది. తీగచుట్టలో చుట్లు తగ్గించి అనునాదం సాధించవచ్చు గాని, క్యూ గుణకం 12 నుంచి 19కి పైగా పెరుగుతుంది. తీగచుట్ట స్వీయ క్యూ 200 అయితే, 600 వాట్లలో 36 వాట్లుగా ఉండవలసిన నష్టం 58 వాట్లకు చేరుతుంది. ఆ వేడి తీగచుట్టను, బ్యాండ్ స్విచ్ స్పర్శలను దెబ్బతీస్తుంది.

4. వోల్టేజి, ప్రవాహం, భద్రత

600 వాట్ల వద్ద ట్యూనింగ్ కెపాసిటర్‌పై శిఖర వోల్టేజి సుమారు 2,100 వోల్టులు. ప్రసార సమయంలో యాంటెన్నా తెగిపోతే అది ఇంకా పెరుగుతుంది. అందువల్ల 3,000 వోల్టులను తట్టుకొనేలా పలకల మధ్య దాదాపు 2 మిల్లీమీటర్ల ఖాళీ ఉండటం మేలు. దుమ్ము, తేమ, పదునైన అంచులు ఈ సహనశక్తిని తగ్గిస్తాయి. ఆనోడ్ ప్రవాహం 0.4 ఆంపియర్లే అయినా, క్యూ 12 ఉన్నప్పుడు కెపాసిటర్ శాఖలో తిరిగే ప్రవాహం 4.9 ఆంపియర్లు, కనుక తిరిగే పలకలకు విద్యుత్తును అందించే స్పర్శ దృఢంగా ఉండాలి.

లోడింగ్ కెపాసిటర్ పరిస్థితి భిన్నం. 50 ఓమ్‌ల భారంపై శిఖర వోల్టేజి 245 మాత్రమే, కాని 3.5 మెగాహెర్ట్జ్ వద్ద దాదాపు 900 పికోఫారడ్‌లు కావాలి. యాంటెన్నా సరిగా పొసగినంతవరకు పాత రేడియోల గ్యాంగ్ కండెన్సర్ విభాగాలను సమాంతరంగా కలిపి వాడవచ్చు.

ఆనోడ్‌లోని ఏకముఖ వోల్టేజిని వలయంలోకి రానీయకుండా ఆపేది బ్లాకింగ్ కెపాసిటర్. అది విఫలమైతే 2500 వోల్టులు యాంటెన్నా దాకా చేరి ప్రాణాంతకం కాగలవు. నిర్గమం నుంచి చట్రానికి రేడియో పౌనఃపున్య చోక్‌ను కలిపితే, ఆ ప్రవాహం భూమికి మళ్లి ఫ్యూజ్ తెగుతుంది.

5. ఎంపిక మార్గాలు

కనిష్ఠం 8, గరిష్ఠం 100 పికోఫారడ్‌లు గల వేరియబుల్ కెపాసిటర్ 7 నుంచి 28 మెగాహెర్ట్జ్ వరకు సరిపోతుంది. 3.5 వద్ద మాత్రం స్విచ్ ద్వారా 50 పికోఫారడ్‌ల స్థిర కెపాసిటర్‌ను సమాంతరంగా చేర్చాలి. అది రేడియో పౌనఃపున్య ప్రవాహాన్ని మోయగలదై, వేడికి విలువ మారనిదై ఉండాలి. మరో మార్గం శూన్య కెపాసిటర్. తక్కువ కనిష్ఠం, విస్తృత పరిధి, అధిక వోల్టేజి సహనం దాని గుణాలు. అయితే పాతది కొంటే లోపలి శూన్యత నిలిచి ఉన్నదో లేదో అధిక వోల్టేజి పరీక్షతో నిర్ధారించుకోవాలి.

6. ముగింపు

గరిష్ఠ విలువ తక్కువైతే స్థిర కెపాసిటర్‌ను చేర్చి పూరించవచ్చు. కనిష్ఠ విలువ ఎక్కువైతే దాన్ని తగ్గించడానికి అంత సులభమైన మార్గం లేదు. కనుక ఎంపికను అత్యధిక పౌనఃపున్యం వద్ద అనుమతించదగిన కనిష్ఠంతో ప్రారంభించి, తరువాత వోల్టేజిని, ప్రవాహాన్ని, చివరగా గరిష్ఠ విలువను పరిశీలించడం సహేతుకమైన క్రమం.