అలసంద గారెకు అట్లాంటిక్ ఆవలి తోబుట్టువు

బ్రెజిల్ దేశమునందలి సాల్వడార్ నగరమున, సాయంకాల సమయములందు, తెల్లని దుస్తులు ధరించి, తలకు వస్త్రము చుట్టుకొని, బాణలి ముందు కూర్చుండిన స్త్రీలు వీథి మలుపులలో కన్పట్టుదురు. వారు వేయించు వంటకము పేరు ‘అకరజే’. అలసందలను నానవైచి, పొట్టు తీసి, రుబ్బి, ఉల్లిపాయయు ఉప్పును చేర్చి, పిండి తేలికపడునట్లు గిలకొట్టి, కాగిన నూనెలో వేయింతురు. ఇది విన్న తెలుగువారికి తమ యింటి అలసంద గారెలు జ్ఞప్తికి రాక మానవు. అందులకు కారణము లేకపోలేదు. అలసంద ఆఫ్రికాలో పుట్టిన పంట. అది ప్రాచీనకాలముననే భారతదేశమునకు చేరినది. బ్రెజిల్ దేశపు అకరజే చరిత్ర మాత్రము బానిసల ఓడలతో ముడిపడియున్నది.

పదునాఱవ శతాబ్ది మొదలు మూడువందల యేండ్లకు పైగా, సుమారు 48 లక్షలమంది ఆఫ్రికా వాసులను బంధించి బ్రెజిల్ తీరమున దింపిరి. 1549 నుండి 1763 వఱకు రాజధానియై యుండిన సాల్వడార్ ఆ వ్యాపారమునకు ముఖ్యమైన రేవు. యజమానులు ఆ దీనుల పేర్లు మార్చిరి, మతము మార్చిరి. వంటయింటి పని మాత్రము వారి చేతులకే అప్పగించిరి. ఆ చేతులు తమ యూరిని మఱవలేదు.

పశ్చిమాఫ్రికాకు చెందిన ఆయిల్ పామ్ చెట్టు పండ్లనుండి తీసిన ఎఱ్ఱని నూనెను అచట ‘దెందే’ యందురు. అది లేనిదే బహియా రాష్ట్రపు వంట లేదు. బెండకాయలు, ఎండురొయ్యలు కలిపి వండినది ‘కరురు’. రొట్టె, ఎండురొయ్యలు, జీడిపప్పు, కొబ్బరిపాలు దెందేతో ఉడికించి చిక్కబఱచినది ‘వతపా’. ఇందు రొట్టె పోర్చుగీసువారిది; జీడిమామిడి బ్రెజిల్ నేలది; నూనె ఆఫ్రికాది. ఒక్క గిన్నెలో మూడు ఖండములు కలిసినవి.

నైజీరియాలోని యోరుబా జాతివారు నేటికిని ఈ అలసంద వంటకమును ‘అకరా’ యనియే పిలుతురు. ‘జే’ యనగా వారి భాషలో తినుట. పూర్వము బానిస స్త్రీలు తలపై తట్ట నిడుకొని వీథుల వెంట ఆహారపదార్థములు అమ్మెడివారు. రాబడిలో నిర్ణీతభాగము యజమానికి చెల్లింపవలెను. మిగిలిన కాసులు కూడబెట్టి కొందఱు తమ స్వేచ్ఛను తామే కొనుగోలు చేసిరి. 1888 మే 13న చట్టము బానిసత్వమును రద్దు చేయుటకు ఎంతో పూర్వమే వారికి ముక్తిని ప్రసాదించినది ఆ తట్టయే.

నల్ల చిక్కుడు గింజలును పందిమాంసమును కలిపి వండు ‘ఫెజ్వాద’ యను వంటకమును, యజమానులు పారవైచిన ముక్కలతో బానిసలు కల్పించిరని లోకమున ఒక కథ కలదు. దానిని పలువురు చరిత్రకారులు అంగీకరింపరు. ఐరోపాలోని మాంసపు పులుసులతో దానికి బంధుత్వము చూపుదురు. ఆఫ్రికనులు బ్రెజిల్‌కు ఒసగినది ఎంగిలిమెతుకులనుండి పుట్టిన నేర్పు కాదు. తమ దేశమున తరతరములుగా అభ్యసించిన విద్య.

అకరజే అమ్ము స్త్రీల వృత్తిని బ్రెజిల్ ప్రభుత్వము 2005లో జాతీయ వారసత్వ సంపదగా నమోదు చేసినది. అయినను, ప్రపంచ ఫుట్‌బాల్ పోటీల సందర్భమున సాల్వడార్ క్రీడారంగమునందు అమ్మకములపై ఆంక్షలు రాగా, ఆ స్త్రీలు నిరసించి, 2013లో తమ హక్కును సాధించుకొనిరి. ముత్తవ్వలు తట్టతో గెలుచుకొన్న చోటును మనుమరాండ్రు విడువలేదు.