బోరు యంత్రము కదలుటకు ముందు పావుగంట

మోట తోలిన రోజులను ఎరిగిన పెద్దలు మన గ్రామములలో ఇంకను కొందరు కలరు. తెల్లవారుజామున ఎడ్లను కాడికి కట్టుటకు ముందు రైతు చేసెడి మొదటి పని యేమియని వారి నడిగి చూడుడు. మోకును మొదలునుండి కొనవరకు చేతితో తడిమి చూచుటయే యని వారు చెప్పుదురు. ఎచ్చట పోగు తెగినది, ఎచ్చట పురి సడలినది, గిలక ఇరుసు అరిగినదా, కాడి పలుపులు గట్టిగా నున్నవా, ఇవి యన్నియు చూచుకొనిన పిమ్మటనే బాన బావిలోనికి దిగెడిది. దీనిని ఎవ్వరును తనిఖీ యని పిలువలేదు. అయినను తెలిసిన రైతు దీనిని మానెడివాడు కాడు. ఏలయన, తోలువాడు మోకుపై కూర్చుండి ఎడ్లతోపాటు దిగువకు పోవలసినవాడు; మోకు తెగినచో పడువాడు తానే.

నేడు మోట పోయి బోరు వచ్చినది. మోకునకు బదులు ఉక్కుత్రాడు, ఎడ్లకు బదులు ఇంజను వచ్చినవి. కాని ఉదయమున తడిమి చూచెడి ఆ పాత అలవాటు మాత్రము అన్ని చోట్లకును వెంట రాలేదు. ఈ నెల మేము ఆ విషయమునే సభ్యులకు విన్నవింపదలచితిమి. యంత్రము తనది కాదు, పనివారు తనవారు కారు, ఇది తనకేల యని రైతు తలంపవచ్చును. కొన్ని సంవత్సరముల క్రిందట మేమును అట్లే తలంచితిమి. అందుచేతనే ఇది వ్రాయుచున్నాము.

మొదట యంత్రము బలమెట్టిదో తెలిసికొందము. తెలంగాణమునందును, రాయలసీమయందును నేల క్రింద పెక్కు చోట్ల గ్రానైటు మొదలగు గట్టి రాయి కలదు. నీరు ఆ రాతి పగుళ్లలో నుండును. ఆ రాతిని తొలుచుటకు లారీపై నమర్చిన రిగ్గును, గాలిని కుక్కి పంపు కంప్రెసరును తెత్తురు. గాలి కడ్డీల నడుమ దిగి, అడుగునున్న సుత్తెను ఆడించి, పొడియైన రాతిని పైకి చిమ్మును. చదరపు అంగుళమునకు 300 పౌన్ల ఒత్తిడిగల కంప్రెసర్లు ఈ పనిలో వాడుకలో నున్నవి. లారీ చక్రములలో నింపు గాలి ఒత్తిడి సుమారు 100 పౌన్లు మాత్రమే. అట్టి గాలి రెండంగుళముల వ్యాసముగల గొట్టము ముఖమున 900 పౌన్లకు మించిన బలముతో, అనగా నాలుగు క్వింటాళ్లకు పైబడిన బరువుతో త్రోయుచుండును. గొట్టము అతుకు వద్ద ఊడినచో ఆ బలమంతయు దానిని పాము తోకవలె విసరికొట్టును.

ఇక కడ్డీల సంగతి. ఒక్కొక్క కడ్డీ 20 అడుగుల పొడవు ఉండుట సాధారణము. 600 అడుగుల బోరునకు 30 కడ్డీలు కావలెను. దించునపుడు 30 మారులు, తీయునపుడు 30 మారులు, మొత్తము 60 మారులు మనుష్యుని చేయి యంత్రపు నోటివద్దకు పోవలెను. ఆ మనుష్యులలో పలువురు పరరాష్ట్రములనుండి వచ్చిన యువకులు. మన భాష వారికి రాదు. రాత్రియంతయు ప్రయాణము, పగలంతయు పని. అడుగునకింత యని కూలి లెక్కించుటచే, ఆగిన ప్రతి నిమిషమును యజమానికి నష్టముగనే తోచును.

మేము చూచినది ఇది. వేసవి పంటగా వేసిన వేరుసెనగ ఊడలు దిగు సమయమున ఒక రైతు బావి ఎండిపోయెను. అంతకు ముందు వేయించిన రెండు బోర్లును వట్టిపోయినవి. మూడవ బోరునకు సలహా చెప్పుటకై మేము ఆ పొలమునకు పోయితిమి. యంత్రము రాత్రి వచ్చి కొంత దూరము తొలిచినది. నడుమ గాలి గొట్టమొకటి చెడగా, చీకటిలోనే దానిని మార్చి, పనివారు కొంతసేపు నిద్రించిరి. తెల్లవారగనే డ్రిల్లరు మా వద్దకు వచ్చి, "పావుగంట ఆగుడయ్యా, బండి చుట్టు ఒకమారు తిరిగి చూచి మొదలుపెట్టెదను" అనెను. రైతు మా ముఖము చూచెను. "రాత్రి నడచిన యంత్రము తెల్లవారుసరికి చెడునా? పైరు ఎండుచున్నది, కానిమ్ము" అని మేమే చెప్పితిమి.

అరగంట గడవకమునుపే క్రొత్తగా అమర్చిన గొట్టము అతుకు వద్ద ఊడెను. దాపున నిలిచియున్న సహాయకుని కాలి ఎముక రెండు చోట్ల విరిగెను. వానికి ఇరువది యేండ్లుండునేమో. గొట్టము ఊడినను ఎగురకుండుటకై అతుకునకు ఇరువైపుల బిగించు భద్రపు గొలుసు ఒకటి ఉండును. రాత్రి గొట్టము మార్చునప్పుడు దానిని విప్పి పనిముట్ల పెట్టెలో వేసిరి. ఉదయమున అది పెట్టెలోనే యుండెను. దానిని తగిలించుటకు రెండు నిమిషములు చాలును. ఆ బోరులో నీరు పడినది. రైతు పైరు దక్కినది. ఆ యువకుడు మాత్రము మరల ఆ పనికి రాలేదని పిమ్మట వింటిమి. ఆ పొలము మీదుగా పోవునప్పుడెల్ల, పారుచున్న ఆ నీటిని చూచి సంతోషింపవలెనో విచారింపవలెనో మాకు తెలియకున్నది.

ఆ దినమున డ్రిల్లరు చూడదలచిన దేమి? పిమ్మట ఆ పని తెలిసినవారి నడిగి, వారు చూచుచుండగా వెంట తిరిగి, మేము నేర్చుకొనిన క్రమమును ఇచ్చట వ్రాయుచున్నాము. ఇంజను ఆపియుండగను, గొట్టములలోని గాలిని విడిచిపెట్టిన పిమ్మటను ఈ పరీక్ష చేయవలెను.

మొదటిది నేలయు ఆకాశమును. రాత్రి వాన కురిసినచో జాకీల క్రింది మన్ను మెత్తబడును. జాకీల క్రింద వెడల్పు చెక్కలు ఉన్నవా, బండి సమముగ నిలిచినదా యని చూడవలెను. పిమ్మట తల యెత్తి విద్యుత్తు తీగలు చూడవలెను. 1956 నాటి విద్యుత్తు నిబంధనల ప్రకారము బాటలు కాని చోట్ల 11,000 వోల్టుల వట్టి తీగ నేలనుండి 4.6 మీటర్ల ఎత్తున, అనగా సుమారు 15 అడుగుల ఎత్తున నున్న చాలియుండెను. 20 అడుగుల కడ్డీని నిలుపు స్తంభము అంతకన్న ఎంత పొడవో వేరుగ చెప్పనక్కర లేదు. తీగను తాకకున్నను, మిక్కిలి దగ్గరకు పోయిన మాత్రముననే విద్యుత్తు దుముకగలదు. కరెంటు లేని వేళ గదా యని నమ్మరాదు. అది ఎప్పుడు వచ్చునో చెప్పి రాదు. తీగ దగ్గరగా నున్నచో బోరు స్థలమును మార్చవలెను, లేదా విద్యుత్తు సంస్థవారిచే సరఫరా నిలిపించి, నిలిపిరని రూఢి చేసికొనవలెను. స్తంభము నిలిపియుండగా బండిని ఒక్క అడుగైనను కదపరాదు.

రెండవది నూనెలు. ఇంజను నూనె, చల్లబరచు నీరు, జాకీలను స్తంభమును నడుపు ఒత్తిడి నూనె తగినంత ఉన్నవా, డీజిలు ఎచ్చటనైన కారుచున్నదా యని చూడవలెను. ఒత్తిడి నూనె కారు చోటును వ్రేలితో వెదకరాదు. సూదివంటి ఆ ధార చర్మమును చీల్చి లోనికి పోగలదు. అట్టముక్కను అడ్డుపెట్టి చూడవలెను.

మూడవది గాలి గొట్టములు. ఉబ్బు, పగులు, రాపిడి ఉన్నవా? అతుకుల పిన్నులు నిలిచియున్నవా? భద్రపు గొలుసులు రెండు వైపుల బిగించి యున్నవా? దీనిని గూర్చి మేము ఇంతకన్న చెప్పనక్కర లేదు.

నాలుగవది ఉక్కుత్రాడును, స్తంభమును. త్రాటిలో తెగిన పోగులు, నలిగిన చోట్లు, మెలిపడిన చోట్లు ఉన్నచో దానితో బరువెత్తరాదు. మోకును తడిమినట్లు దీనిని వట్టి చేతితో తడుమరాదు. తెగిన పోగు ముల్లువలె గ్రుచ్చుకొనును. కొక్కెమునకు నాలుక ఉన్నదా, స్తంభపు చీలలు బిగిసియున్నవా, కడ్డీల మరలు అరిగినవా యని పిమ్మట చూడవలెను.

ఐదవది ఆపు మీట. తిరుగు భాగములపై కప్పులు ఉన్నవని చూచి, అందరు ఎడముగ నిలిచిన పిమ్మట ఇంజను నడిపి, బరువు వేయకమునుపే ఆపు మీటను ఒకమారు నొక్కి, యంత్రము నిలుచునో లేదో చూడవలెను. ఆపద వేళ పనిచేయని మీట ఉన్నను లేనట్లే.

ఆరవది మనుష్యులు. తలకు గట్టి టోపీ, కాళ్లకు బూట్లు, చెవులకు కప్పులు ఉండవలెను. మెడలో తువ్వాలు, వ్రేలాడు లుంగీ తిరుగు కడ్డీవద్ద ఉరిత్రాటితో సమానము. రాతి పొడి ఊపిరితిత్తులలో చేరినచో సిలికోసిస్ అను వ్యాధి కలుగును. దానిని మాన్పు మందు లేదు. కావున ముక్కునకు తగిన ముసుగు, పొడి లేవకుండ నీటి ధార ఉండవలెను. యంత్రపు రొదలో మాట వినబడదు గనుక, ఆపుము, ఎత్తుము, దించుము అను చేసైగలను పనివారందరు ఉదయముననే ఒకమారు చెప్పుకొనవలెను. రాత్రి నిద్ర లేనివానిని, త్రాగినవానిని యంత్రము దరికి రానీయరాదు.

చివరది రంధ్రము. రాత్రి పని ఆపినప్పుడు దానిని గట్టి మూతతో మూసిరా? ఉదయమున ఆ మూత కదలకయున్నదా? మూతలేని బోర్లలో పసిబిడ్డలు పడిన వార్తలను మనమందరము చదివితిమి. 2010లో సుప్రీంకోర్టు ఈ విషయమున ఆజ్ఞలు చేసినది. బోరు వేయుటకు 15 దినములు ముందుగ అధికారులకు వ్రాసి తెలుపుట, పని జరుగు చోట కంచె వేయుట, బోరునకు గట్టి మూత బిగించుట, విడిచిన బోరును అడుగునుండి నేలమట్టము వరకు పూడ్చుట, ఇవి అందులోనివి. ఈ బాధ్యతలో భూమి యజమానికిని పాలు కలదు.

ఈ పరీక్ష ఫలితమును తేదీతో ఒక కాగితముపై వ్రాసి డ్రిల్లరు సంతకము చేయవలెను. కాగితము ప్రాణము కాపాడదని కొందరు నవ్వుదురు. నిజమే. కాని సంతకము చేయవలసినవాడు గొలుసువైపు ఒకమారు చూడక సంతకము చేయుటకు జంకును. దోషము కనబడినచో, అది తీరువరకు యంత్రమును నడుపనని చెప్పు అధికారము వానికి ఉండవలెను. ఆ అధికారమును వానికి ఇచ్చువారు ఇద్దరు: ఒకడు బండి యజమాని, రెండవవాడు పొలములో నిలిచి తొందరపెట్టు రైతు.

కావున సభ్యులకు మా మనవి మూడు విషయములు. బోరు కుదుర్చుకొనునప్పుడే, ప్రతి ఉదయమును, స్థలము మారినప్పుడెల్లను పరీక్ష ముగిసిన పిమ్మటనే పని మొదలుపెట్టవలెనని ఒప్పందములో ఒక వాక్యము చేర్చుడు. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము ప్రకారము, అనగా మనము వాల్టా యని పిలుచు చట్టము ప్రకారము, రిగ్గులు రిజిస్టరు కావలెను. ఆ పత్రమును అడిగి చూడుడు. ఇక మూడవది, డబ్బు పని లేనిది. డ్రిల్లరు బండి చుట్టు తిరుగుచుండగా గడియారము చూడక, పిల్లలను, పశువులను దూరముగ నుంచి, మీరును వాని వెంట ఒకమారు తిరుగుడు. "గొలుసు తగిలించితివా బాబూ?" యని అడుగుడు. అడిగినందుకు వాడు కోపపడడు.

పైరు ఎండుచున్నప్పుడు పావుగంట ఎంత పొడవో మాకు తెలియును. కాని నీరు నూరడుగులలో పడునో, ఆరు నూరులలో పడునో, అసలు పడదో మనచేతిలో లేదు. పావుగంట ఆగుట మనచేతిలో నున్నది. ఆ దినమున అది మాచేతిలో నుండెను. మేము ఇచ్చితిమి కాము. సభ్యులు మావలె చేయకుందురు గాక.