మనోరోగుల ప్రయాణము

పలాస ప్రాంతమున జీడితోటలో పనిచేయు ఒక యువకుడు నాలుగు రాత్రులుగా నిద్రలేక, కానరానివారితో మాటలాడుచు వీధులవెంట తిరుగుచున్నాడనుకొందము. కాలుసేతులు కట్టి, వ్యానులో పడవేసి, విశాఖపట్టణమునకు కొనిపోవుదమని ఊరివారందురు. చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల అచ్చటికి దాదాపు 200 కిలోమీటర్లు. రోగి ప్రాణముతోను, గౌరవముతోను అచ్చటికి చేరుటెట్లు? దీనికి సమాధానము కొంత శరీరశాస్త్రమునందును, కొంత న్యాయశాస్త్రమునందును కలదు.

ఉద్రేకముతో పెనుగులాడు మనిషి కండరములకు ఆమ్లజని అధికముగ కావలయును. రక్తములో ఆమ్లము పెరుగును. దానిని సరిచేయుటకు అతడు వేగముగ ఊపిరి తీయవలెను. అట్టివానిని బోర్లపరుండబెట్టి వీపుపై అదిమినచో రొమ్మును, ఉదరవితానమును చక్కగా కదలజాలవు. "అరచుచున్నాడు గదా, ఊపిరి ఆడుచున్నదిలే" యనుకొనుట పొరపాటు. కొలది నిమిషములలో గుండె ఆగవచ్చును. నిద్రమందు ఇచ్చిన రోగిని ప్రక్కకు ఒత్తిగిల్లజేసి, నాడిని, శ్వాసను దారిపొడవున గమనించుచుండవలెను.

ఉద్దానమున మరియొక జాగ్రత్త అవసరము. ఇచ్చట దీర్ఘకాలిక మూత్రపిండవ్యాధి విస్తారముగ నున్నది. మూత్రపిండములు చెడినపుడు రక్తములో మలినములు పేరుకొని మతి తప్పవచ్చును; చూపరులకది ఉన్మాదమువలె తోచును. కనుక దూరప్రయాణమునకు ముందే పలాసలోనో, టెక్కలిలోనో రక్తపరీక్ష చేయించుట మేలు. కొందరు మనోరోగులకిచ్చు లిథియము మూత్రపిండముల ద్వారానే బయటకు పోవును. ఎండలో నీరు త్రాగక ప్రయాణించినచో అది రక్తములో హెచ్చి, చేతులు వణకుట, వాంతులు, మాట తడబడుట కలుగును. త్రాగునీరు, వేళకు మందులు, మధ్యలో కాలకృత్యములకు విరామము చికిత్సలో భాగములే.

ఇక చట్టము. 2001లో తమిళనాడులోని ఎర్వాడిలో అగ్నిప్రమాదము జరిగినపుడు గొలుసులతో కట్టబడిన రోగులు తప్పించుకొనలేక మరణించిరి. 2017 నాటి మానసిక ఆరోగ్యసంరక్షణ చట్టము మనోరోగిని గొలుసులతో బంధించుటను పూర్తిగా నిషేధించినది. దిక్కులేక తిరుగుచు, తన్ను తాను కాపాడుకొనలేని రోగిని పోలీసులు రక్షణలోనికి తీసికొని, 24 గంటలలోపల సమీప ప్రభుత్వ ఆరోగ్యకేంద్రమునకు చేర్చవలెను; లాకప్పులో గాని, జైలులో గాని ఉంచరాదు. ఇంటిలో హింసకో, నిర్లక్ష్యమునకో గురియగు రోగి సంగతి మేజిస్ట్రేటుకు తెలుపవలెను. ఆయన వ్రాతమూలకమైన ఉత్తర్వుతో పరీక్షకై రోగిని వైద్యశాలకు పంపవచ్చును.

నేరము మోపబడిన మనోరోగి సంగతి వేరు. తనపై జరుగు విచారణ ఏమిటో తెలియనివాడు తన పక్షమున వాదించుకొనలేడు. అందుచే న్యాయస్థానము ముందుగా అతనిని వైద్యునిచే పరీక్షింపజేయును. సంకెళ్లు మామూలు ఆచారము కారాదని 1980లోనే ప్రేమ్ శంకర్ శుక్లా కేసులో సుప్రీంకోర్టు చెప్పినది. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత ప్రకారము విచారణను వీడియో ద్వారానైన జరుపవచ్చును. రోగి స్థితి బాగుండనపుడు ఆసుపత్రినుండియే హాజరగుట వలన ప్రయాణమే తప్పును.

ప్రయాణము తప్పనిదైనచో వెంట పోవువారు గుర్తుంచుకొనవలసినవి కొన్ని కలవు. ఎచ్చటికి, ఏల పోవుచున్నామో రోగికి నిజము చెప్పవలెను. ఎరిగినవాడొకడు ప్రక్కన కూర్చుండవలెను. స్త్రీరోగికి స్త్రీయే తోడుండవలెను. రోగిని తలుపు ప్రక్కన కూర్చుండబెట్టరాదు. వాడియైన వస్తువులు అందుబాటులో నుంచరాదు. పోలీసులు సాదాదుస్తులలో నుండుట మంచిది. కోర్టు ఉత్తర్వు, వ్యాధి వివరము, మందుల మోతాదు, వేళలు, రక్తపరీక్షల ఫలితములు ఒక సంచిలో నుంచి, అందుకొనువారికి వివరించి అప్పగించవలెను. కోర్టులో పిలుపు వచ్చువరకు రోగిని గుంపునకు దూరముగ కూర్చుండబెట్టవలెను.

పెక్కుమంది మనోరోగులు ఎవరికిని హాని చేయరు. భయపడువారే వారిలో హెచ్చు. కాలుసేతులు కట్టినచో ఆ భయము హెచ్చును. భయము హెచ్చినకొలది పెనుగులాటయు హెచ్చును. మెల్లగా పలుకరించినచో తరచు రెండును తగ్గును. ఊరిలో ఇట్టివాడు కనబడినపుడు విద్యార్థులు రాళ్లు విసరక, పెద్దలకు తెలుపవలెను. 14416 అను టెలీమానస్ నంబరుకు ఫోనుచేసి సలహా అడుగవచ్చును. త్రాడు తెచ్చువానిని ఆపి, మంచినీరిచ్చువాడే ఆ యువకుని ప్రయాణమును సరిగా ప్రారంభించినవాడు.