సెలైన్‌లో ఉప్పెందుకు?

సెలైన్ సీసా మీద '0.9 శాతం' అని రాసి ఉంటుంది. అంటే లీటరుకు 9 గ్రాముల ఉప్పు. ఒంట్లో నీరు తగ్గినవాళ్లకు ఉత్త నీళ్లే ఎక్కించవచ్చు కదా అనిపిస్తుంది. ఎక్కిస్తే ప్రాణం మీదికొస్తుంది.

శుద్ధమైన నీటిచుక్కలో ఎర్ర రక్తకణాల్ని వేసి మైక్రోస్కోపులో చూస్తే సంగతి తెలుస్తుంది. నడుమ నొక్కుపడిన బిళ్లల్లాంటి ఆ కణాలు చూస్తుండగానే బంతుల్లా ఉబ్బి పగిలిపోతాయి. చిక్కటి ఉప్పునీటిలోనైతే ముడుచుకుపోయి, అంచులు ముళ్లుముళ్లుగా తేలతాయి. 0.9 శాతం దగ్గర మాత్రం వచ్చే నీరూ పోయే నీరూ సరిసమానం కాబట్టి కణం ఆకారం చెడదు.

కరిగిన పదార్థం తక్కువున్న వైపు నుంచి ఎక్కువున్న వైపుకు పొర గుండా నీరు చేరడమే ద్రవాభిసరణం. మాగాయ ముక్కలకు ఉప్పు పట్టిస్తే ఊట దిగేదీ ఇందువల్లే. ఇందుకు కణం తన శక్తిని ఖర్చు పెట్టదు.

అలాగని అన్నిటికీ దారి ఒకటే కాదు. కణత్వచం రెండు వరసల కొవ్వు అణువుల పొర. ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ అందులోంచి నేరుగా జారిపోతాయి. గ్లూకోజుకు అది కుదరదు, దాన్ని దాటించే ప్రొటీన్లు కావాలి. కండరాల్లో, కొవ్వు కణాల్లో ఆ ప్రొటీన్లను పొర మీదికి రప్పించేది ఇన్సులిన్. అది పనిచేయకపోతే చక్కెర రక్తంలోనే నిలిచిపోతుంది.

మరి నీరు? కొవ్వు పొరలోంచి కొంత ఊరుతుంది గానీ, ఎర్ర కణాల్లో కనిపించే వేగానికి ఆ ఊట చాలదు. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో పీటర్ ఆగ్రే రక్తవర్గానికి సంబంధించిన ప్రొటీన్‌ను వెతుకుతుంటే, అనుకోకుండా మరో ప్రొటీన్ చేతికి చిక్కింది. దాన్ని తయారుచేసే ఆర్‌ఎన్‌ఏను ఆయన బృందం కప్ప అండాల్లోకి ఎక్కించి, పలచటి ద్రావణంలో వేసింది. ఆ అండాలు నిమిషాల్లో ఉబ్బి పగిలాయి. ఆర్‌ఎన్‌ఏ ఎక్కించనివి దాదాపు అలాగే ఉండిపోయాయి. 1992లో వెలువడిన ఈ ప్రయోగంతో నీటికంటూ ప్రత్యేక మార్గం ఉందని తేలింది. ఆ ప్రొటీనే ఆక్వాపోరిన్. ఆగ్రేకు 2003లో రసాయనశాస్త్ర నోబెల్ దక్కింది.

మూత్రపిండాలు రోజుకు సుమారు 180 లీటర్లు వడగట్టినా, మూత్రంగా పోయేది ఒకటి రెండు లీటర్లే; మిగతా నీరు ఒంట్లోకి వెనక్కి వస్తుంది. ఒంట్లో నీరు తగ్గినప్పుడు వాసోప్రెసిన్ హార్మోన్ అక్కడి కణాల పొర మీదికి ఆక్వాపోరిన్లను మరిన్ని చేరుస్తుంది. జన్యులోపం వల్ల ఆ ప్రొటీన్ సరిగా తయారుకానివారిలో హార్మోన్ ఉన్నా నీరు వెనక్కి రాదు. వాళ్లు రోజుకు లీటర్లకు లీటర్లు మూత్రం పోస్తూ, దాహంతో పదేపదే నీళ్లు తాగుతూ ఉంటారు.